బ్రస్సెల్స్ స్ప్రౌట్స్: రసమన్నంలోకి అంచుకు, చేదూ వాసనా లేకుండా ఎట్లా చెయ్యాల?

కొర్లగుంట_వంటిల్లు
రసమన్నంలోకో పప్పన్నంలోకో అంచుకు పెట్టుకునే పొడి కూర మాదిరి కావాల. ఇంట్లో గ్యాస్ స్టవ్, ఇనుప బాణలి, దోసె పెనం, చిన్న ఓటీజీ (కరెంటు ఓవెన్) ఉండాయి. బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ (ఉసిరికాయంత బుల్లి క్యాబేజీల మాదిరివి) 250 గ్రాముల ప్యాకెట్, తాజావే.

క్యాబేజీకి చేసినట్టు నీళ్లు పోసి ఉడికించి తాళింపు పెడితే కాయ మెత్తబడి, రంగు చచ్చి, కుళ్లిన గుడ్డు వాసన కొడతాది. చేదు అట్లనే ఉంటాది. ముందు ఉడికించాలా వద్దా? ఉప్పు ఎప్పుడు వెయ్యాల? చింతపండు పడతాదా? కొలతలతో చెప్పండి.

చంద్రగిరి_సెగ
అక్కా, చిక్కంతా ఆ నీళ్లతోనే. ఈ కూరకు నీళ్లు పోసి ఉడికించే పనే పెట్టుకోవద్దు. బాణలి కూడా వద్దు, దోసె పెనం తీయండి. బాణలి గుంటగా ఉంటాది కాబట్టి సగానికి కోసిన చెక్కలు నాలుగైదే అడుగుకు ఆనుతాయి, మిగతావి ఒకదాని మీద ఒకటి పడి ఆవిరికి ఉడుకుతాయి. 28 సెంటీమీటర్ల పెనమైతే 250 గ్రాములూ ఒకే వరసలో పడతాయి.

ముందు ఏరుకోవాల. చేత్తో నొక్కితే గట్టిగా, రేకులు బిగుతుగా ఉండాల. పైరేకులు పసుపు తిరిగుంటే వాటిని ఒలిచెయ్యండి. ఉసిరికాయంతవి మేలు. నిమ్మకాయంతవైతే పైరేకులు ఉడికిపోయినా నడిమి కాడ పచ్చిగానే ఉంటాది, అట్లాంటివి నాలుగు ముక్కలు చెయ్యాల. కోయకముందే ఉప్పునీళ్లలో 10 నిమిషాలు వెయ్యండి, పైరేకుల సందుల్లో పేను ఉంటే వదులుతాది. తరవాత మంచినీళ్లతో కడిగి, కాడ చివర గోధుమ రంగు తిరిగినంత మేరకే, అంటే 2, 3 మిల్లీమీటర్లు, చాకుతో తీసెయ్యండి. అంతకన్నా లోపలికి కోస్తే రేకులన్నీ ఊడొస్తాయి. కాడ మీదుగా నిలువునా రెండు చెక్కలు చెయ్యండి. రేకుల్ని పట్టి ఉంచేది ఆ కాడే.

కోసినాక గుడ్డ మీద పరిచి తడి ఆరనీండి. దీన్ని మాత్రం వదిలిపెట్టొద్దు. తడి ఉన్నంతసేపూ చెక్క ముఖం 100 డిగ్రీలు దాటదు, ఎర్రబడాలంటే 140 పైన కావాల.

పెనాన్ని మధ్యస్థ మంట మీద 3 నిమిషాలు కాలనీండి. నీటి చుక్క వేస్తే చిటపటమని వెంటనే ఆవిరైపోవాల. 2 పెద్ద చెంచాల చెనక్కాయ నూనె వేసి, కోసిన ముఖం కిందికి వచ్చేటట్టు ఒక్కొక్క చెక్కా పెట్టండి. 4 నిమిషాలు గరిటె పెట్టొద్దు. కలబెట్టే కొద్దీ ఎర్రబడడం ఆగిపోతాది. 4 నిమిషాలకు ఒకటి ఎత్తి చూడండి. ముఖం మీద రేకుల వరసలు గోధుమ గీతలుగా తేలి, నడిమి కాడ ఒక్కటే లేత పసుపుగా కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. ఇంకా తెల్లగా ఉంటే మరో నిమిషం.

ఇప్పుడు అర టీస్పూను ఉప్పు చల్లి, పెనం అంచు వెంబడి 2 పెద్ద చెంచాల నీళ్లు పోసి మూత పెట్టండి. మంట తగ్గించి 3 నిమిషాలు. మూత తీసి మంట పెంచి ఒక నిమిషం, ఉన్న తడి ఎగిరిపోవాల. చాకు మొన కాడలోకి కొంచెం ఆనుతూ దిగితే దించెయ్యొచ్చు. అడ్డం లేకుండా జారిపోతే అప్పటికే ఎక్కువైపోయింది.

తాళింపు వేరే గరిటెలో పెట్టండి: ఒక టీస్పూను నూనె, అర టీస్పూను ఆవాలు, ఒక టీస్పూను మినప్పప్పు, 2 ఎండుమిరపకాయలు, దంచిన తెల్లగడ్డ రెబ్బలు 5, కరివేపాకు. తెల్లగడ్డను మొదట్లోనే పెనంలో వేస్తే స్ప్రౌట్స్ ఎర్రబడేలోపల అది మాడి, ఆ చేదొకటి వచ్చి చేరతాది.

పుత్తూరు_పోపు
వాసన ఎందుకొస్తుందో తెలిస్తే ఏం చేయకూడదో తేలిగ్గా అర్థమవుతుంది. క్యాబేజీ, కాలిఫ్లవర్, ముల్లంగి, ఆవాలు, బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ అన్నీ ఒకే కుటుంబం. వీటిలో గంధకం ఉన్న గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలుంటాయి. స్ప్రౌట్స్ చేదుకు ముఖ్యంగా కారణమయ్యేవి సినిగ్రిన్, ప్రోగోయిట్రిన్ అని 1990ల్లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త హాన్స్ వాన్ డోర్న్ గుర్తించారు. ఆ తర్వాతే విత్తన కంపెనీలు ఇవి తక్కువగా ఉన్న రకాలను ఏరి పెంచడం మొదలుపెట్టాయి. పాత వంట పుస్తకాల్లో చెప్పినంత చేదు ఇప్పటి కాయలో లేకపోవడానికి కారణం అదే.

కాయను కోసినప్పుడు కణాలు తెగి, లోపలి మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఈ గ్లూకోసినోలేట్ల మీద పనిచేస్తుంది. ఘాటు అలా పుడుతుంది. నల్లావాలు నూరితే ముక్కుకెక్కే ఘాటు కూడా సినిగ్రిన్ నుంచి వచ్చేదే. ఇక ఎక్కువసేపు ఉడికిస్తే గంధకపు పదార్థాలు ఇంకా విడిపోయి హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి వాయువులు వస్తాయి. మీరు చెప్పిన గుడ్డు వాసన అదే. 5, 7 నిమిషాల్లో దించేస్తే ఆ వాసన పెద్దగా తెలియదు, పావుగంట ఉడికితే ఇల్లంతా నిండుతుంది. కుక్కర్ జోలికి అసలు పోవద్దు, ఒక్క విజిల్ కూడా దీనికి ఎక్కువే.

పొద్దున కోసి పెట్టుకుని సాయంత్రం వండడం కూడా మంచిది కాదు. ఘాటు పెరుగుతుంది, కోసిన ముఖం నల్లబడుతుంది. పొయ్యి వెలిగించే ముందు కోసుకోండి.

మదనపల్లె_టమోటా
చంద్రగిరి అన్న చెప్పిన పద్ధతి లేత కాయకు బాగుంటాది. పెద్ద కాయకైనా, ఇంట్లో చేదు అసలు పడని వాళ్లున్నా ముందు ఒక ఉడుకు ఇవ్వడమే మేలని నా గట్టి అభిప్రాయం. గ్లూకోసినోలేట్లు నీళ్లలో కరుగుతాయి, మరిగే నీళ్లలో కొంత చేదు దిగిపోతాది. వేడికి ఎంజైమ్ పనీ ఆగిపోతాది.

అయితే క్యాబేజీకి మాదిరి కాదు. లీటరున్నర నీళ్లలో ఒక పెద్ద చెంచా ఉప్పు వేసి తెర్లనీండి. నీళ్లు బాగా తెర్లేటప్పుడు చెక్కలు వేసి, మూత లేకుండా 2 నిమిషాలు. వెంటనే చిల్లుల గిన్నెలోకి వంచి ఐసు నీళ్లలో ముంచాల. చల్లబడినాక తీసి, కోసిన ముఖం కిందికి ఉండేటట్టు గుడ్డ మీద 15 నిమిషాలు బోర్లించండి. రేకుల మధ్య నిలిచిన నీళ్లు కారిపోవాల. ఆ పావుగంట తొందరపడితే పెనంలో నూనె చింది చేతులు కాలతాయి, కూర కూడా నీరు కారతాది. తరవాత పెనం మీద ముఖం ఎర్రబడడానికి 4, 5 నిమిషాలు చాలు, మూత పని లేదు.

నీళ్లు తక్కువ పెడితే ఈ ఉడుకు వల్ల ఉపయోగం లేదు. చల్లటి కాయలు పడగానే మరుగు ఆగిపోయి, మళ్లీ తెర్లే లోపల కాయ నానిపోతాది.

చంద్రగిరి_సెగ
పెద్ద కాయకు ఒప్పుకుంటా. లేత కాయకు మాత్రం వద్దనే చెప్తా. చేదుతో పాటు తీపి, సి విటమిన్ కూడా ఆ నీళ్లలోకి పోతాయి. పెనం మీద ముఖం ఎర్రబడినప్పుడు వచ్చే వేపుడు రుచే ఆ కొంచెం చేదును కమ్మేస్తాది. ఉప్పు కూడా నాలుకకు చేదు తెలియకుండా చేస్తాది, అందుకే ఈ కూరలో ఉప్పు మరీ పిసినారిగా వెయ్యొద్దు.

కాడ అడుగున చాకుతో అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టమని కొన్ని ఇంగ్లీషు వంటల్లో ఉంటాది. సగానికి కోసే కాయకు ఆ పని అక్కర్లేదు. ముక్కలు చెయ్యకుండా నిండు కాయ ఉడికించేవాళ్లు పెట్టే గాటు అది, దానివల్ల లోపలికి నీళ్లు దిగి రేకులు ఇంకా మెత్తబడతాయి.

కొర్లగుంట_వంటిల్లు
ముగ్గురికీ థాంక్స్. ఇంకో మూడు సందేహాలు. ఉడుకు నీళ్లలో చిటికెడు వంట సోడా వేస్తే పచ్చ రంగు నిలుస్తాదంటారు, నిజమేనా? చింతపండు సంగతి ఎవరూ చెప్పలేదు. గానుగ నూనె వాడొచ్చా?

పుత్తూరు_పోపు
సోడా వేస్తే రంగు నిలిచే మాట నిజమే, కానీ వేయకండి. సోడా క్షారం. రేకుల్ని గట్టిగా ఉంచే పెక్టిన్ లాంటివి క్షారంలో త్వరగా కరిగి కాయ జావలా అవుతుంది, సి విటమిన్ కూడా పోతుంది. రంగు నిలవడానికి తక్కువ సేపు, మూత లేకుండా ఉడికించడం చాలు. మూత పెడితే కాయలోంచి వచ్చే ఆమ్లాలు ఆవిరితో బయటికి పోక మళ్లీ నీళ్లలోనే పడతాయి. ఆమ్లానికి పత్రహరితంలోని మెగ్నీషియం ఊడిపోయి రంగు ఎండు ఆలివ్ పచ్చకు తిరుగుతుంది. పెనం మీద 3 నిమిషాల మూతకు ఆ భయం లేదు.

చింతపండుకూ ఇదే లెక్క. మొదట్లో వేస్తే రంగు చస్తుంది, పైగా పులుపులో కాడ త్వరగా మెత్తబడదు. దించే ముందు వేసుకోండి. ఒక టీస్పూను చిక్కటి చింతపండు రసంలో అర టీస్పూను బెల్లం కలిపి, మంట ఆపాక పెనం వేడికే చెక్కలకు పట్టించాలి. చేదును బెల్లం తగ్గించినంతగా కారం తగ్గించదు. నిమ్మరసమైతే వడ్డించేటప్పుడు. ఎండాకాలంలో చింతపండు బదులు పచ్చి తోతాపురి మామిడి తురుము 2 పెద్ద చెంచాలు కలిపినా చక్కగా కుదురుతుంది.

గానుగ నూనె వాడొచ్చు, రుచి కూడా ఎక్కువే. రిఫైన్డ్ నూనె కన్నా తొందరగా పొగ వస్తుంది కాబట్టి మంట మధ్యస్థం దాటనివ్వకండి. పొగ లేస్తే నూనెకే చేదు వస్తుంది.

ఊరిబిండి_అభిమాని
మన పక్క అంచుకు అంటే చెనక్కాయ పొడి లేకుండా ఎట్లా? ఈ కాయకు చెనక్కాయల కమ్మదనం చాలా బాగా సరిపోతాది. 250 గ్రాములకు కొలత చెప్తా.

చెనక్కాయ విత్తనాలు 3 పెద్ద చెంచాలు సన్న మంట మీద పొట్టు చిట్లే దాకా వేయించి, చల్లారినాక పొట్టు నలిపి ఊదెయ్యండి. అదే పెనంలో 4 ఎండుమిరపకాయలు, ఒక టీస్పూను ధనియాలు, అర టీస్పూను జీలకర్ర వేయించాల. ముందు మిరపకాయలు, ధనియాలు, జీలకర్ర, పావు టీస్పూను ఉప్పు మిక్సీలో నున్నగా తిప్పి, తరవాత చెనక్కాయలు, 3 తెల్లగడ్డ రెబ్బలు వేసి ఆపి ఆపి రెండు మూడు తిప్పులే. బరకగా ఉండాల. ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దవుతాది, అది చెక్కలకు పట్టకుండా పెనానికి అంటుకుంటాది. విత్తనాలు వేడిగా ఉండగానే వేసినా అంతే.

ఈ పొడి రెండు పెద్ద చెంచాలు, పొయ్యి ఆపినాకనే చల్లండి. మంట మీద వేస్తే నిమిషంలో మాడతాది. కూర తడిగా ఉన్నప్పుడు చల్లితే పొడి నాని ముద్దలు కడతాది, అందుకే చంద్రగిరి అన్న చెప్పిన ఆ చివరి నిమిషం మంట ముఖ్యం. పొడిలో ఉప్పుంది కాబట్టి పెనంలో వేసే ఉప్పు పావు టీస్పూనుకు తగ్గించుకోండి.

పప్పుల (పుట్నాల) పొడి కూడా వేస్తారు గానీ, అది తడిని వెంటనే పీల్చుకుని నోట్లో పిండి మాదిరి అంటుకుంటాది. ఈ కూరకు చెనక్కాయే సరైంది.

రేణిగుంట_ట్రే
ఓటీజీ ఉందన్నారు కాబట్టి ఆ పద్ధతి కూడా చెప్తాను. ఎక్కువ మందికి చేసేటప్పుడు ఇదే తేలిక.

పైనా కిందా రెండు రాడ్లూ వేసి, ఖాళీ ట్రే లోపలే పెట్టి 200 డిగ్రీలకు 10 నిమిషాలు వేడెక్కనివ్వండి. ఈలోపు 250 గ్రాముల చెక్కలకు పెద్ద చెంచాన్నర నూనె, అర టీస్పూను ఉప్పు పట్టించండి. వేడి ట్రే మీద కోసిన ముఖం కిందికి పెట్టి, కింది అరలో 20 నిమిషాలు. చెక్కకూ చెక్కకూ మధ్య వేలెడు సందు ఉండాలి. ట్రే నిండా కుక్కితే ఒకదాని ఆవిరికి ఇంకొకటి ఉడికి, చివరికి మెత్తటి పచ్చ ముద్దలే మిగులుతాయి. ఓటీజీలో వచ్చే ఫిర్యాదుల్లో సగానికి కారణం ఇదే.

కోసేటప్పుడు ఊడిపోయిన రేకుల్ని పారేయకండి. వాటిని విడిగా పెట్టుకుని, చుక్క నూనె రాసి, చివరి 5 నిమిషాలు ఉన్నాయనగా ట్రే మీద చల్లండి. కరకరలాడతాయి, పిల్లలు ముందు వాటినే ఏరుకుంటారు. మొదటి నుంచీ వేస్తే నల్లగా మాడిపోతాయి.

230, 240కి పెంచితే త్వరగా అవుతుందనుకుంటారు. పైరేకుల అంచులు మాడేసరికి కాడ ఇంకా పచ్చిగానే ఉంటుంది. చిన్న ఓటీజీల్లో గుండీ మీది అంకెకూ లోపలి వేడికీ 15, 20 డిగ్రీల తేడా ఉండొచ్చు, అందుకే మొదటిసారి 15 నిమిషాలకే తలుపు తీసి చూడండి. ఎయిర్ ఫ్రయర్ అయితే 190 డిగ్రీలు, 12 నుంచి 14 నిమిషాలు, మధ్యలో ఒకసారి బుట్ట ఊపాలి.

మిరియాల పొడి, నెయ్యి బయటికి తీశాకే. తెల్లగడ్డ కూడా అంతే, 20 నిమిషాల వేడికి అది మాడిపోతుంది.

నగరి_కొబ్బరి
సగానికి కోసిన కాయ ఇంట్లో నచ్చకపోతే సన్నగా తరిగి పొరియల్ చెయ్యండి. చేదు బాగా తక్కువగా తెలుస్తాది, క్యాబేజీ పొరియల్ తినే ఎవరైనా తినేస్తారు.

2 పెద్ద చెంచాల పెసరపప్పు అరగంట నానబెట్టి వంచెయ్యండి. కాయల్ని కాడ పట్టుకుని సన్నగా తరగాల, చివర మిగిలిన కాడ ముక్క తీసెయ్యండి. బాణలిలో ఒక పెద్ద చెంచా నూనె, ఆవాలు, మినప్పప్పు, నిలువుగా చీల్చిన 2 పచ్చిమిరపకాయలు, కరివేపాకు, చిటికెడు ఇంగువ. పెసరపప్పు వేసి 2 నిమిషాలు, తరుగు వేసి పెద్ద మంట మీద మూత లేకుండా 4 నిమిషాలు కలబెట్టండి. నీళ్లు ఒక్క చుక్క కూడా వద్దు. ఉప్పు 3వ నిమిషంలో వెయ్యాల, ముందే వేస్తే తరుగు నీరు వదిలి వేగకుండా ఉడుకుతాది. దించి 3 పెద్ద చెంచాల పచ్చికొబ్బరి తురుము కలపండి. పసుపు పావు టీస్పూనుకు మించితే ఆ లేత పచ్చ రంగు పోతాది.

పీలేరు_పథ్యం
వంట మధ్యలో ఒక జాగ్రత్త చెప్పాలి. బ్రస్సెల్స్ స్ప్రౌట్స్‌లో కె విటమిన్ చాలా ఎక్కువ, 100 గ్రాముల పచ్చి కాయలో దాదాపు 177 మైక్రోగ్రాములు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు ఉన్నట్టుండి రోజూ తినడం మొదలుపెడితే మందు పనితనం తగ్గుతుంది. డాక్టరుకు చెప్పి, వారం వారం ఒకే మోతాదులో తినాలి. థైరాయిడ్ ఉన్నవాళ్లు పచ్చివి ఎక్కువగా తినకుండా, వండుకుని మామూలు మోతాదులో తింటే సాధారణంగా ఇబ్బంది ఉండదు.

కడుపు ఉబ్బరం వచ్చేవాళ్లు మొదట 4, 5 చెక్కలతో మొదలుపెట్టండి. ఇందులో పీచుతో పాటు రాఫినోజ్ అనే చక్కెర ఉంటుంది, అది చిన్నపేగులో అరగక పెద్దపేగులోకి పోయి గ్యాస్ అవుతుంది.

ఇంకొకటి. ఒకే కూర ఇంట్లో ఒకరికి చేదుగా, ఇంకొకరికి కమ్మగా ఉంటే వంటలో తప్పు వెతకొద్దు. టీఏఎస్2ఆర్38 అనే జన్యువును బట్టి ఈ రకం చేదు కొందరి నాలుకకు బాగా ఎక్కువ తెలుస్తుంది. వాళ్లకు మదనపల్లె గారు చెప్పిన 2 నిమిషాల ఉడుకు, బెల్లం రెండూ చేయండి.

తిరుచానూరు_డబ్బా
తాజావి తిరుపతిలో అన్ని రోజులూ దొరకవు కాబట్టి ఫ్రోజెన్ గురించి. వాటిని ప్యాక్ చేసే ముందే ఒక ఉడుకు ఇచ్చి ఉంటారు. కరగబెట్టొద్దు, మళ్లీ ఉడికించొద్దు. కరిగితే నీరు కారి స్పాంజి లాగా అయిపోతాయి. గడ్డగా ఉన్నప్పుడే నూనె పట్టించి, 220 డిగ్రీలకు కాలిన ట్రే మీద 25 నిమిషాలు. మధ్యలో, మెత్తబడ్డాక, చాకుతో సగానికి కోసి ముఖం కిందికి తిప్పితే రంగు వస్తుంది. తాజా కాయంత కరుకు మాత్రం రాదు. పొరియల్‌కు ఫ్రోజెన్ పనికిరాదు.

తాజావి కడగకుండా కాగితంలో చుట్టి, కవర్లో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచితే వారం దాకా బాగుంటాయి. ఇక్కడి ఎండలకు బయట ఒక పగలు ఉంచితే పైరేకులు వాడిపోతాయి.

క్యారియర్‌లోకి పెట్టేవాళ్లు కూర పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి. వేడిగా మూస్తే ఆవిరికి మెత్తబడి, మధ్యాహ్నం డబ్బా తీయగానే ఆ గంధకం వాసనే ముందొస్తుంది. చెనక్కాయ పొడి చిన్న డబ్బాలో వేరుగా ఇవ్వండి. మిగిలింది మైక్రోవేవ్‌లో వేడి చేస్తే మళ్లీ వాసన లేస్తుంది, పెనం మీద మూత లేకుండా 2 నిమిషాలు చాలు.

పుంగనూరు_మడి
హార్సిలీ హిల్స్ పక్క ఇవి పండించొచ్చా? నారు దొరికితే కుండీల్లో పెట్టాలని ఉంది.

మదనపల్లె_టమోటా
కొండ మీద చలికాలంలో ప్రయత్నం చెయ్యొచ్చు అన్నా, అక్కడ దాదాపు 1,265 మీటర్ల ఎత్తు ఉంది. ఈ పంటకు 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం మూడు నాలుగు నెలలు ఆగకుండా కావాల. మన దేశంలో నీలగిరుల్లో, హిమాచల్ వైపు పండేది అందుకే. తిరుపతి, చిత్తూరు కింద ఎండకు కాయ గట్టిపడదు, రేకులు విచ్చుకుపోతాయి. పెట్టేదుంటే సెప్టెంబరులో నారు పోసుకుని చలి మొదలయ్యే సరికి మొక్క ఎదిగి ఉండేటట్టు చూడండి. మిగతాది పంటల విభాగంలో అడగండి, ఇక్కడ వంట సంగతి నడవనీండి.

కొర్లగుంట_వంటిల్లు
చివరిగా ఒకటి. ఆరుగురికి చెయ్యాలంటే ఎంత తీసుకోవాల? పెనం మీదే చేస్తే మొదటిది చల్లారిపోదా?

చంద్రగిరి_సెగ
రసం, పప్పు కూడా ఉంటే మనిషికి 100 గ్రాముల లెక్కన 600 గ్రాములు చాలు అక్కా. ఇదొక్కటే కూరైతే 750 తీసుకోండి. పెనం మీద మూడు విడతలు పడతాది. అన్నీ ఒకేసారి వెయ్యాలని చూడొద్దు. మొదటి రెండు విడతలూ ముఖం ఎర్రబడేదాకా మాత్రమే వేయించి, మూత పెట్టకుండా పళ్లెంలో పరిచి ఉంచండి. మూడోది కూడా ఎర్రబడినాక అన్నీ పెద్ద బాణలిలోకి తీసి, ఉప్పు, పావు గ్లాసు నీళ్లు చల్లి మూత పెట్టి 4 నిమిషాలు, మూత తీసి పెద్ద మంట మీద 2 నిమిషాలు. ముఖం ముందే ఎర్రబడి ఉంటాది కాబట్టి ఇప్పుడు బాణలి గుంటగా ఉన్నా పరవాలేదు. తాళింపు, చింతపండు బెల్లం రసం, చెనక్కాయ పొడి అన్నీ మూడింతలు. పొడి మాత్రం విస్తళ్లు వేసినాకనే కలపండి.